మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు గారికి

మహారాజశ్రీ ట్యాంకు గారికి, మీ నీడలో నాలుగు బిందెలతో నిలబడ్డ మనిషి నమస్కరించి రాయునది.

పొద్దున కొళాయి తిప్పితే ముందు బుస్సుమంది, తర్వాత దగ్గింది, ఆఖర్న గ్లాసుడు తుప్పు నీళ్లు కక్కి ఊరుకుంది. రాత్రంతా కరెంటు లేక, చెరువు నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్ దగ్గర మోటారు తిరగలేదట. అటు కాలువ, ఇటు మురుగుకోడు, ఎదురుగా రొయ్యల చెరువు. మా ఊళ్లో కాలు జారితే పడేది నీళ్లలోనేనండి. బిందెలోకే రావు.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడు ఆయన దగ్గర ఒక్క మోటారూ లేదు. పల్లం చూసి కాలువ తవ్విస్తే నీళ్లు వాటంతటవే నడిచొచ్చాయి. ఇప్పటికీ మంచినీటి చెరువు దాకా అలాగే వస్తాయి. అక్కణ్నుంచి మీ కడుపులోకి ఎక్కడానికే కరెంటు కావాలి. మీరు కాస్త పొట్టిగా పుట్టాల్సింది. అప్పుడు మా వీధి చివరికి రారనుకోండి, అది వేరే గొడవ.

పోనీ కరెంటుని తిడదామంటే అదీ నీళ్ల బిడ్డే. దాళ్వాలో, అదే రెండో పంట వరికి, గోదారి పల్చబడితే మన చేలన్నీ సీలేరు నది వైపు చూస్తాయి. దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రం ఉంది కదా, అక్కడ టర్బైన్లు తిప్పిన నీళ్లే శబరిలో పడి, కూనవరం దగ్గర గోదారిలో కలిసి ధవళేశ్వరం చేరతాయి. నీళ్లుంటే కరెంటు, కరెంటుంటే మీకు నీళ్లు. ‘ముందు మీరు కానివ్వండి’ ‘అబ్బే, మీరే కానివ్వండి’ అని వియ్యంకులిద్దరూ గుమ్మంలోనే నిలబడితే ఎండింది మా బిందె.

మొన్న అర్ధరాత్రి కరెంటు పోయింది. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, కాసేపు కప్పలు తప్ప ఏమీ వినిపించలేదు. అంతలోనే టార్చిలైటు, “ఒరేయ్, లెగరా!” అని కేక, ఆ వెంటనే డీజిల్ జనరేటరు డగడగ. తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఏరియేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, పంట పోతుంది. పాపం, ఆ టెన్షన్ తప్పనను. కానీ మంచం మీద పడుకుని లెక్కేశాను: రొయ్యకి జనరేటరుంది, మీకు లేదు. పంచాయతీలో అడిగితే డీజిల్ బిల్లు ఎవరు పాస్ చేస్తారన్నారు. నిజమే, రొయ్యకి కౌంటుని బట్టి, అంటే కిలోకి ఎన్ని తూగాయో దాన్ని బట్టి, రేటుంది. మమ్మల్ని కౌంటు చేసేది ఓట్లప్పుడే.

ఇది రాస్తుండగానే కరెంటొచ్చింది. మోటారు వేసే అబ్బాయి టీకి వెళ్లాడట. ఉంటానండి, లైన్లో బిందె జరపాలి.