ఏ కాలేజీ అయినా ఒకటే కాదు
అమెరికాలో పారాలీగల్ (లాయరు కింద కేసుల పనిచేసే సహాయకుడు) అవ్వడానికి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఏ కాలేజీలో చేసినా ఒకటేనని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. చాలా రాష్ట్రాల్లో ఈ పనికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి చట్టం అడ్డు రాదు, కానీ అక్కడి లాయర్ల సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదం ఉన్న కోర్సేనా అని చూసే లా ఆఫీసులు బోలెడు. కాలిఫోర్నియాలోనైతే పారాలీగల్ అని చెప్పుకోవడానికే అర్హతలు చట్టంలో రాసిపెట్టారు, పైగా రెండేళ్లకోసారి 4 గంటలు ఎథిక్స్, 4 గంటలు లా క్లాసులకు వెళ్లాలి. చేరేముందు కేటలాగు తెరిచి, 60 క్రెడిట్లలో లా సబ్జెక్టులవి కనీసం 18 ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత బీఏ చేసే ఆలోచన ఉంటే, ఏఏఎస్ (ఉద్యోగం కోసమే రూపొందించిన అసోసియేట్ డిగ్రీ) క్రెడిట్లు అన్నీ చెల్లకపోవచ్చు. ఎన్ని తీసుకుంటారో ఆ యూనివర్సిటీ నుంచి ముందే మెయిల్‌లో రాయించుకోవడం మంచిది. అన్నిటికన్నా ముఖ్యం సివిల్ ప్రొసీజర్ పేపరు, అంటే సివిల్ కేసులు కోర్టులో నడిచే పద్ధతి. ఉద్యోగంలో తలనొప్పంతా గడువుల లెక్కే మరి. ఫెడరల్ కోర్టులో మామూలుగా సమన్లు అందిన రోజు వదిలేసి, మర్నాటి నుంచి 21 రోజుల్లో జవాబు వేయాలి. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. చివరి రోజు శనివారమో ఆదివారమో ప్రభుత్వ సెలవో అయితేనే, ఆ తర్వాత వచ్చే పనిదినానికి జరుగుతుంది. వారాంతాలు తీసేసి లెక్కేశారో, గడువు దాటిపోయి క్లయింటు నెత్తిన డిఫాల్ట్ (జవాబు వేయలేదని కోర్టు నమోదు చేయడం) పడే ప్రమాదం ఉంది. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో అదే జవాబుకు 30 రోజులు. ఇక మన దగ్గర ఎల్ఎల్‌బీ చేసి వెళ్లినవాళ్లయినా సరే, అక్కడ పారాలీగల్‌గా ఉన్నంతకాలం క్లయింటుకు సొంతంగా న్యాయ సలహా ఇవ్వకూడదు, ఫీజు ఎంతో తేల్చకూడదు.