మక్కీకి మక్కీ

విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే అయిన లైనక్సు మొండిదనీ, దానికి బొత్తిగా మానవత్వం లేదనీ డెల్టాలో ఈ మధ్య ప్రచారం జరుగుతోంది. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం.

భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత కొట్టు. బిల్లులు, రైతుల బాకీలు అన్నీ ఒక లైనక్సు కంప్యూటరు పెట్టెలో, రెండు డిస్కుల రెయిడ్ 1 మీద, అంటే ఒకదాంట్లో రాసిందల్లా రెండోదాంట్లోనూ పడే ఏర్పాటు మీద. డిస్కులు పాతబడ్డాయని కొత్త జత కొని, దానిమీద కొత్త అరే (రెండు డిస్కుల్నీ ఒకటిగా చూపే జట్టు) కట్టి, పాత ఫైళ్లన్నీ మక్కీకి మక్కీ దించి, పాత డిస్కుల తీగలు పీకేశారు. పొద్దున్నే అగరొత్తి వెలిగించి స్విచ్ వేస్తే నల్లటి తెర. దానిమీద ఇంగ్లీషులో ఒకే ముక్క: ఫలానా యూయూఐడీ లేదు, షెల్‌లోకి దించేస్తున్నాను. యూయూఐడీ అంటే అరేకీ ఫైల్‌సిస్టమ్‌కీ ఉండే గుర్తింపు నంబరు, షెల్ అంటే ఆదేశాలు టైపు చేసే చోటు.

ఇంతకన్నా మర్యాదగా ఎవరు చెబుతారు? దొరకనిదేమిటో 32 అంకెలూ అక్షరాలతో సహా చెప్పింది. మనవాళ్లు అదొక్కటీ తప్ప అన్నీ చూశారు. పెట్టె ఆగ్నేయంలో ఉందని తేల్చారు. హైదరాబాద్ బావమరిది ఫోన్లోనే, "ఫార్మాట్ కొట్టేయండి బావగారూ" అన్నాడు. మెకానిక్ ర్యామ్ ఊడదీసి, పిల్లల రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టాడు. ఓనరు గారు మాత్రం నిబ్బరంగా ఉన్నారు. "రెయిడ్ ఉందండి. ఒకటి పోతే ఇంకోటి. ఆయ్." నిజమే, రెయిడ్ 1ది సమదృష్టి. ఒక డిస్కులో మీరు చెరిపింది రెండోదాంట్లోనూ అప్పుడే చెరిపేస్తుంది.

ఫైళ్లతోపాటు వాటిలో రాసున్న అడ్రసులూ దిగాయి. కొత్త అరేకి, దానిమీది ఫైల్‌సిస్టమ్‌కి (ఫైళ్ల అమరికకి) కొత్త యూయూఐడీలు పుట్టాయి. పెట్టెని లేపే గ్రబ్ అనే ప్రోగ్రాం కాన్ఫిగ్, ఏ ఫైల్‌సిస్టమ్ ఎక్కడ తగిలించాలో రాసుండే ఎఫ్‌స్టాబ్, అరేల వివరాలుండే ఎండీఏడీఎం కాన్ఫ్ మాత్రం ఇంకా పాతవాటినే కలవరిస్తున్నాయి. పైగా బూట్ మొదట్లో నడిచే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక సిస్టమ్ లోపల ఆ ఎండీఏడీఎం కాన్ఫ్ కాపీ ఇంకోటి దాగి ఉంటుంది. బయటిది దిద్ది దీన్ని వదిలేస్తే లోపలిది పాత పాటే. రెవెన్యూ ఆఫీసులో మనిషి ఎదురుగా నిలబడ్డా పాసుపుస్తకంలో పేరు లేకపోతే పొలం లేనట్టే కదా. లైనక్సే నయం, ఏ కాగితం తక్కువో మొదటిసారే చెప్పింది, రేపు రమ్మనలేదు.

చివరికి డిప్లొమా చదివే కుర్రాడొకడు తెర చదివాడు. లైనక్సు ఎక్కించిన లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, అరేని కట్టి, మౌంట్ చేసి (సిస్టమ్‌కి తగిలించి), సీహెచ్‌రూట్‌లోకి, అంటే డిస్కుమీది సిస్టమ్ లోపలికి, వెళ్లాడు. బీఎల్‌కేఐడీ అనే కమాండు చూపిన కొత్త నంబర్లు ఎఫ్‌స్టాబ్‌లో రాశాడు, ఎండీఏడీఎం కాన్ఫ్‌లో కొత్త అరే లైను వేశాడు, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌నీ గ్రబ్ కాన్ఫిగ్‌నీ మళ్లీ తయారు చేయించాడు. గ్రబ్‌ని రెండు డిస్కులమీదా ఎక్కించాడు. ఒకదానిమీదే ఎక్కిస్తే, ఆ డిస్కు పోయిన రోజున డేటా బతికుండీ పెట్టె లేవదు.

ఇంత తొందరగా అయ్యే పనికి డబ్బులేమిటని ఓనరు గారు న్యాయంగానే అడిగారు. రబ్బరు మెకానిక్‌కి ఇచ్చినదాంట్లో సగం చేతిలో పెట్టారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు నిలబెట్టిన నేల ఇది, మేలు చేసినవాణ్ణి మరిచే గుణం మనకి లేదు. కుర్రాడు కాస్త ఓపిక పట్టాలి.

"పాత డిస్కులు తీసేస్తానండి" అన్నాడు వాడు. "ఉండనీ బాబూ, సేఫ్టీ" అని, వాటినీ మళ్లీ తగిలించేశారు ఈయన. ఆ తరవాత ఓ రోజు కరెంటు పోయి వచ్చింది. ఏ డిస్కుతో లేవాలో చూసే బయాస్ పాత డిస్కునే ముందు పట్టుకుంది. పాత సిస్టమ్, పాత బాకీల లెక్కలతో సహా, ఒక్క ఎర్రర్ లేకుండా చక్కగా లేచింది. తెరమీద ఇంగ్లీషు ముక్క లేదు కాబట్టి కొట్లో అందరూ సంతోషించారు. ఎప్పుడో బాకీ కట్టేసిన రైతులకి ఆ సాయంత్రమే ఫోన్లు వెళ్లాయి.