పాపం పెద్ద స్టూడియోలు!

2023 జులై 14న హాలీవుడ్ నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా సమ్మెకు దిగింది. సమ్మె నడిచిన 118 రోజులూ అందరూ నటుల కష్టాల గురించే మాట్లాడారు. పెద్ద స్టూడియోల గోడు విన్న నాథుడు లేడు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

సమ్మె అన్నాక అందరి షూటింగులూ ఆగాలి. నష్టం అందరూ సమానంగా పంచుకోవాలి. ధర్మం అంటే అదీ. కానీ ఈ సంఘం ఏం చేసింది? మధ్యంతర ఒప్పందం అని ఒక కాగితం తయారు చేసి, పెద్ద స్టూడియోల కూటమి ఏఎంపీటీపీలో లేని స్వతంత్ర నిర్మాతల ముందు పెట్టింది. కూటమిని చివరిసారి ఏం అడిగామో అవి మీరివ్వండి, రేపు కూటమితో ఏది ఖాయమైతే దాని ప్రకారం లెక్క సరిచేసుకుందాం, ఈలోగా కెమెరా తిప్పుకోండి అంది. అడిగింది కూడా తక్కువేం కాదు. మొదటి ఏడాదే కనీస వేతనాల్లో 11 శాతం పెంపు, స్ట్రీమింగ్ ఆదాయంలో 2 శాతం వాటా!

సమ్మెకు ముందురోజే డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ చెప్పారు, ఈ ఆశలు వాస్తవానికి దూరంగా ఉన్నాయని. కుబేరులు ఏటా కలుసుకునే సన్ వ్యాలీ నుంచి మాట్లాడారు కాబట్టి వాస్తవం సంగతి ఆయనకు బాగా తెలిసే ఉంటుంది. అయినా చిన్న కంపెనీలు వినలేదు. కూడికలు రావేమో, టకటకా సంతకాలు పెట్టేశాయి.

ఫలితం చూడండి. నియాన్ పంపిణీ చేసే 'ఫెరారీ' సినిమాకు ప్రచారం చేసుకునే అనుమతి దొరికింది. అందులో హీరో ఆడమ్ డ్రైవర్ దర్జాగా వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లారు. వెళ్లినవాడు సినిమా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి రావచ్చు కదా? నియాన్ లాంటి చిన్న సంస్థ తీర్చగలిగిన డిమాండ్లు నెట్‌ఫ్లిక్స్, అమెజాన్‌లకు ఎందుకు కుదరవని అందరి ముందూ అడిగేశారు. ఎంత అమర్యాద! అటు సమ్మె నియమాల ప్రకారం పెద్ద స్టూడియోల నటులు ప్రచారంలో నోరు విప్పకూడదు. పాపం, వార్నర్ బ్రదర్స్ 'డ్యూన్' రెండో భాగాన్ని నవంబర్ నుంచి మరుసటి ఏడాది మార్చికి జరుపుకుంది.

సంఘంలోనూ అందరికీ ఈ మినహాయింపులు నచ్చలేదు. తీసిన సినిమా చివరికి స్ట్రీమింగ్ కంపెనీలకే అమ్ముతారు కదా అని హాస్యనటి సారా సిల్వర్‌మన్ మండిపడ్డారు. ఆమెలో నాకు స్టూడియోల ఆత్మబంధువు కనిపించింది. ఆమెకు మాత్రం ఈ మాట చెప్పకండి.

నవంబర్‌లో రాజీ కుదిరింది. కనీస వేతనాలు వెంటనే 7 శాతం, 2024 జులైలో మరో 4 శాతం పెంచడానికి కూటమి ఒప్పుకుంది. ఏడూ నాలుగూ ఎంతో ఐగర్ గారి ముందు ఎవరూ కూడి చూపించకండి, బాగుండదు.