అండర్‌-14లో మీసాలున్నవాళ్లూ, లేనివాళ్లూ

అనంతపురంలో అండర్‌-14 ఫుట్‌బాల్‌ మ్యాచ్‌ చూస్తుంటే ముందుగా అనుమానం వచ్చేది వయసు మీదే. ఒకడికి నూనూగు మీసం, మారిన గొంతు. వాడికి అడ్డుపడాల్సినవాడు వాడి భుజం దాకా కూడా రాడు. చూస్తున్న పెద్దలు ‘సర్టిఫికెట్‌ దొంగది’ అని తేల్చేస్తారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. బడిలో చేర్చిన రోజు పంతులు వేసిన తేదీయే పుట్టినరోజైన పిల్లలు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. కానీ కాగితాలు నికార్సైనవైనా ఈ తేడా ఉంటుంది. పదమూడేళ్ల ఇద్దరు పిల్లల శరీరాల ఎదుగుదలలో ఐదేళ్ల అంతరం కూడా ఉండవచ్చు.

కప్పు కావాలి కాబట్టి కోచ్‌ పెద్దవాడినే దింపుతాడు. వాడు తోసుకుంటూ వెళ్లి గోల్‌ కొడతాడు. పాస్‌ ఇవ్వాల్సిన అవసరమే రాదు. పదహారు, పదిహేడేళ్లకు మిగతావాళ్లూ వాడి ఎత్తుకు వచ్చేస్తారు. అప్పుడు వాడి దగ్గర మిగిలే విద్య ఏమిటి? బక్కవాడైతే అప్పటికే ఆట మానేసి ఇంటర్‌ కోచింగ్‌లో ఉంటాడు.

ఇంగ్లండ్‌ ప్రీమియర్‌ లీగ్‌ అకాడమీలు దీనికి ‘బయో బ్యాండింగ్‌’ అనే ఉపాయాన్ని ప్రయత్నించాయి. పెద్దయ్యాక చేరే ఎత్తులో 85 నుంచి 90 శాతానికి వచ్చిన 11-14 ఏళ్ల పిల్లలను కలిపి ఆడించాయి. ముందుగా ఎదిగినవాళ్లు బలం చెల్లక బుర్రకు, కాలి నైపుణ్యానికి పని చెప్పాల్సి వచ్చింది. ఆలస్యంగా ఎదిగేవాళ్లకు బంతి దొరికింది, జట్టును నడిపే అవకాశమూ దొరికింది.

మనమూ చేయవచ్చు, కానీ ఆ లెక్కను ఉన్నదున్నట్టు తెచ్చుకోవడానికి నేను ఒప్పుకోను. ఇందులో ఎక్కువగా వాడే ఖమిస్‌-రోష్‌ పద్ధతి 1994 నాటిది. పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల సగటు ఎత్తు కలిపి చివరి ఎత్తును అంచనా వేస్తుంది. దానికి ఆధారం అమెరికాలోని ఒహాయో ప్రాంతపు శ్వేతజాతి పిల్లల కొలతలు. మన దగ్గర తండ్రి ఎత్తులో వంశం ఒక్కటే లేదు, ఆయన చిన్నతనపు కరవులూ ఉన్నాయి. తనకు దొరకని తిండి కొడుకుకు దొరుకుతుంటే కొడుకు ఆయనను మించి పెరగవచ్చు. ఇప్పుడు 150 సెంటీమీటర్లున్నవాడు 165 దగ్గర ఆగుతాడని లెక్క వేస్తే, దాదాపు 91 శాతం ఎదిగినట్టు. నిజానికి 172 దాకా పెరిగేవాడైతే అది 87 శాతమే. అంటే ఏ పిల్లవాడిని కాపాడాలని ఈ పద్ధతి పెట్టుకున్నామో, వాడినే తప్పు లెక్కతో పెద్దవాళ్ల మధ్యకు తోస్తాం.

కాబట్టి అంచనా కన్నా కొలతను నమ్మాలి. రూరల్‌ డెవలప్‌మెంట్‌ ట్రస్టు 2000లో నెలకొల్పిన అనంతపురం స్పోర్ట్స్‌ విలేజ్‌ లాంటి చోట ఇది కష్టం కాదు. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెడితే ఎవరు ఎప్పుడు ఒక్కసారిగా పొడుగవుతున్నారో పట్టికే చెబుతుంది. ఆడపిల్లలకు ఆ దశ సుమారు రెండేళ్లు ముందే వస్తుంది కనుక వాళ్ల పట్టిక వేరుగా ఉండాలి. లీగ్‌లు వయసు ప్రకారమే సాగనివ్వండి. నెలకు ఒకటి రెండు మ్యాచ్‌లు మాత్రం ఎదుగుదలను బట్టి పెడితే చాలు. జిల్లా జట్టు ఎంపిక రోజున సెలెక్టర్ల చేతిలో గోల్స్‌ లెక్కతో పాటు ఆ పట్టిక కూడా ఉండాలి.