సవరణ: పీఐడీలో జ్వరం లేదని మాత్రలు ఆపకూడదు

గత వారం గర్భాశయం, ట్యూబులకు వచ్చే ఇన్ఫెక్షన్ (పీఐడీ) గురించి రాస్తూ, "జ్వరం లేకపోతే తేలికపాటిదే, నొప్పి తగ్గాక మందులు మానేయొచ్చు" అన్నాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

నిన్న అనంతపురంలో మా వీధి అక్క ఒకామె డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రల స్ట్రిప్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంకా ఆరు మాత్రలున్నాయి. "నువ్వే రాసినావు కదమ్మా, నొప్పి పోయింది, ఆపేసినా" అంది. గుండె గుభేలుమంది. వెంటనే తెలిసిన గైనకాలజిస్టును అడిగాను, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలూ చదివాను.

తీవ్రతను బట్టి తేల్చేది వైద్యం ఇంట్లోనా, ఆసుపత్రిలోనా అన్నదే. కోర్సు తగ్గించడానికి కాదు. తేలికపాటి, మధ్యస్థ కేసుల్లో సాధారణంగా ఒక సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, ఆపైన డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ మాత్రలు 14 రోజులు. నొప్పి పోయినా పూర్తి చేయాల్సిందే. నొప్పి కొంచెమే ఉన్నా లోపల ట్యూబులు దెబ్బతిని, తర్వాత పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు. నేను వదిలేసిన అసలు మాట ఇదే.

38.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం అడ్మిట్ చేయడానికి ఒక కారణం మాత్రమే. గర్భం ఉన్నా, ట్యూబు దగ్గర చీముగడ్డ కట్టినా, వాంతులతో మాత్రలు నిలవకపోయినా, అపెండిసైటిస్ కాదని తేలకపోయినా జ్వరంతో పనిలేకుండా అడ్మిట్ చేస్తారు. మాత్రలు మొదలుపెట్టిన మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే మళ్లీ డాక్టరుకు చూపించాలి. భర్తకూ చికిత్స అవసరం, ఆయనకు ఏ బాధా లేకపోయినా సరే.

అక్కను ఈ పొద్దున డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.