సవరణ: టైప్-సి కేబుల్ సంగతి

మొన్నటి పోస్టుల "ఫోనుకు, లాప్‌టాప్‌కు ఒకటే టైప్-సి చార్జర్ చాలు" అని రాసిన గదా, అది చార్జర్ మాట, ఏ కేబుల్ అయినా నడుస్తదని కాదు. నల్లగొండ క్లాక్ టవర్ కాడ అగ్గువకు దొరికిన వైరు పెడితే లాప్‌టాప్‌కు చార్జింగ్ ఎందుకు మెల్లగ ఎక్కుతుందన్నా అని తమ్ముళ్లు అడుగుతున్నరు, అందుకే కొంచెం వివరంగ చెప్తున్న.

పిన్ను ఒక్క తీరే ఉంటది గని లోపల సరుకు వేరు. మామూలు సి-టు-సి కేబుల్ (రెండు దిక్కుల టైప్-సి పిన్నే ఉండేది) 3 ఆంపియర్ల దాకనే, అంటే 20 వోల్టుల మీద 60 వాట్లు. 5 ఆంపియర్లు పోవాలంటే కేబుల్ కొనల ఈ-మార్కర్ అని చిన్న చిప్ ఉండాలె, చార్జర్ ముందుగాల ఆ చిప్‌ను అడుగుతది, అది ఔనంటేనే 100 వాట్లు, కొత్త రకమైతే 240 వాట్ల దాక వదుల్తది, జవాబు రాకపోతే 60 కాడనే ఆపుతది. గట్ల ఆపుడే మంచిది, లేకుంటే వైరు కాలుతది.

ఇంకోటి, వాట్లు ఎక్కువున్నయని డేటా జోరుగ పోదు. 240 వాట్ల కేబుల్ గూడ 480 ఎంబీపీఎస్‌దే (సెకనుకు 480 మెగాబిట్ల డేటా) ఉండొచ్చు. 2023ల వచ్చిన ఐఫోన్ 15 ప్రోల 10 జీబీపీఎస్ (1 జీబీపీఎస్ అంటే 1000 ఎంబీపీఎస్) పోర్ట్ ఉన్నది, డబ్బాల ఇచ్చే కేబుల్ మాత్రం 480దే! పెండ్లి వీడియోలు తీసేటోళ్లు ఇది తప్పకుండ చూసుకోవాలె.

షాపుల డబ్బా మీద వాట్లు, జీబీపీఎస్ రెండూ చదివినంకనే పైసలియ్యుర్రి.