బాడుగ గిట్టితేనే కరెంటు బండి

పలమనేరు టమాటా యార్డులో బాడుగ బండ్లు తోలేవాళ్ల దగ్గర కరెంటు పికప్ మాటెత్తితే మొదట వచ్చే ప్రశ్న, ‘లోడుతో ఎంత దూరం పోతుంది?’ రెండోది, ‘అయిదేళ్లకు అమ్ముకుంటే ఎంతొస్తుంది?’ ఈ రెండు ప్రశ్నల బరువు అమెరికా కంపెనీలకు వేల కోట్లు పోసిన తర్వాత గానీ తెలిసిరాలేదు.

టెస్లా 2019లో సైబర్‌ట్రక్‌ను చూపించినప్పుడు చెప్పిన ధర 39,900 డాలర్లు. 2023 చివర్లో బండి చేతికొచ్చేసరికి ప్రారంభ ధరే 60,990 డాలర్లయింది. ఏటా రెండున్నర లక్షల బండ్లు చేస్తామన్నారు. 2024లో అక్కడ అమ్ముడైనవి 40 వేల లోపేనని అంచనా. అమెరికాలో నాలుగు దశాబ్దాలకు పైగా అమ్మకాల్లో ముందున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-సిరీస్. ఆ పేరుతోనే 2022లో వచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ పూర్తి ఎలక్ట్రిక్ బండికి 2025 డిసెంబరులో ఫోర్డ్ స్వస్తి పలికింది. బ్యాటరీని నింపడానికి ఇకపై ఇంజిన్‌ను కూడా తోడు పెడతామంటోంది. వెనక బరువైన ట్రెయిలర్ తగిలిస్తే చార్జింగ్ సగం దూరానికే అయిపోవడం కొనేవాళ్లను భయపెట్టింది. కరెంటు బండి కొనేవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీ కూడా 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది.

దీన్ని చూసి కరెంటు పికప్‌కు కాలం చెల్లిందనడం తొందరపాటు అని మా అభిప్రాయం. అక్కడ పికప్ చాలామందికి ఇంటి కారు. వారాంతంలో పడవను లాక్కెళ్లాలి, వందల మైళ్లు పోవాలి. మన దగ్గర అది బతుకుతెరువు. తెల్లవారుజామున ఊరూరా పాల క్యాన్లు ఎత్తుకుని శీతలీకరణ కేంద్రానికి చేర్చే వ్యాను రోజూ అదే దారిలో తిరిగి, రాత్రికి ఇంటి ముందుకే వస్తుంది. తిరుపతి అంగళ్లకు సరుకు వేసే బండ్లూ అంతే. ఎన్ని కిలోమీటర్లో ముందే తెలిసిన ఇలాంటి తిరుగుడుకు కరెంటు బండిని మించింది లేదు.

లెక్క వేసి చూద్దాం. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీలో 21.3 యూనిట్ల బ్యాటరీ ఉంది. 154 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పింది. లోడు, ఎండ, గుంతల రోడ్లు తీసేసి వందే అనుకుందాం. రోజుకు 80 కిలోమీటర్లు తిరిగితే 20 యూనిట్ల లోపు ఖర్చు. యూనిట్ 8 రూపాయలనుకున్నా 160 రూపాయలు. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే డీజిల్ బండికి అయిదు లీటర్లు కావాలి, అంటే 475 రూపాయలకు తక్కువ కాదు. నెలలో పాతిక రోజులు తిరిగితే దాదాపు 8 వేలు మిగులు.

ఘాట్ రోడ్ల భయమూ అనవసరం. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుమల కొండెక్కి దిగుతున్నాయి. దిగేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీలోకి కొంత కరెంటును తిరిగి నింపుతుంది. మన పికప్‌లకు ఇందులో ఇంకో కలిసొచ్చే విషయముంది. పలమనేరు టమాటా లోడుతో మొగిలి ఘాట్ దిగి చిత్తూరు వైపు వస్తుంది, బండి ఖాళీగా ఎక్కుతుంది. బరువుతో దిగడం, ఖాళీగా ఎక్కడం: ఈ బండికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసలు చూసినవాళ్లకు మరొకటి కూడా తెలుసు. తోతాపురి లోడుతో బెత్తెడు బెత్తెడు జరుగుతూ, ప్రతిసారీ ఇంజిన్ స్టార్ట్ చేస్తూ రాత్రంతా నిలబడ్డ బండి డీజిల్ తాగుతూనే ఉంటుంది. కరెంటు బండికి ఆ ఖర్చు లేదు.

మరి ఎందుకు కొనడం లేదు? ధర. 2025లో ఏస్ ప్రో వచ్చినప్పుడు పెట్రోలు బండి ధర 3.99 లక్షలకు మొదలైతే, అదే బండి ఈవీ (కరెంటు రకం) 6.50 లక్షలు. ఆ రెండున్నర లక్షల తేడాను బాడుగతో బతికేవాడు ముందే కట్టాలి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి డీజిల్, పెట్రోలు సరుకు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఈవీలపై 5 శాతమే అయినా పన్నులో ఉన్న అనుకూలత 23 నుంచి 13 పాయింట్లకు కుదించుకుపోయింది. కరెంటు బండ్లకు కేంద్రం సాయమిచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకంలో మూడు చక్రాల ఆటోలకు సాయం చేశారు, మూడున్నర టన్నులు దాటిన ట్రక్కులకు చేస్తామన్నారు. నడుమనున్న చిన్న పికప్‌లను మాత్రం వదిలేశారు. రైతు సరుకు మోసేదే ఆ బండి. ఈ పొరపాటును కేంద్రం వెంటనే సరిదిద్దాలి.

పాతబడిన బండి బ్యాటరీకి విలువ కట్టే నమ్మకమైన పద్ధతి లేకపోవడం మరో అడ్డంకి. అందుకే అప్పిచ్చేవాళ్లు వెనకాడతారు, వడ్డీ పెంచుతారు. బ్యాటరీ వారంటీ కొత్త యజమానికీ చెల్లేలా కంపెనీలు రాసివ్వాలి. కంపెనీలు కూడా నిజం చెప్పాలి: ఒకటిన్నర టన్నుల బండికి రెండు టన్నులు ఎత్తడం మన దగ్గర రివాజు. ఆ బరువుతో ఎంత దూరం వస్తుందో షోరూంలోనే చెబితే కొన్నాక నిష్ఠూరాలుండవు.

ఇక మన జిల్లాల సంగతి. శ్రీసిటీ పారిశ్రామిక వాడలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. దాని ఎలక్ట్రిక్ రకం థాయ్‌లాండ్‌లో తయారవుతోంది. తిరుపతి దగ్గరి కరకంబాడిలో దశాబ్దాలుగా బ్యాటరీలు చేసిన చేతులున్నాయి. ఆ ఎలక్ట్రిక్ పికప్‌ను శ్రీసిటీకి రప్పించే ప్రయత్నం రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా చేయాలి.

అంతకన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. పలమనేరు యార్డులో వేలం ముగిసి బాక్సులు ఎక్కేలోపు బండ్లు ఎలాగూ గంటల తరబడి ఆగుతాయి. మార్కెట్ కమిటీతో కలిసి వచ్చే టమాటా సీజన్‌లోపు అక్కడ పది చార్జర్లు పెట్టించాలని, వాటికి యూనిట్ ధరను యార్డు గేటు దగ్గరే రాసిపెట్టాలని కోరుతున్నాం.